మూడు టెస్టులూ సున్నా చూపిస్తున్నాయి, ఉప్పునీటి ట్యాంకులో ఇక చేపలు వేయొచ్చా?

మీరడిగింది ఇదీ: చెన్నై వేళచ్చేరి ఫ్లాట్లో 3 అడుగుల ఉప్పునీటి ట్యాంకు (90×45×45 సెం.మీ.), నీళ్ళు నింపి 25 రోజులు, పంపులు ఆగకుండా తిరుగుతున్నాయి. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 0. నెల కావస్తోంది కాబట్టి ట్యాంకు రెడీ అని కొట్టువాళ్ళు చెప్పారు. ఆదివారం కొళత్తూరు రంగుచేపల మార్కెట్‌కి వెళ్ళి రెండు క్లౌన్ చేపలు తెచ్చుకోవచ్చా అని.

తెచ్చుకోకండి. ఆ సున్నాలు పాసైన మార్కులు కావు, పరీక్షే ఇంకా మొదలవలేదు. సైకిల్ (అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ట్యాంకులో స్థిరపడడం) పూర్తయిన ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వస్తాయి నిజమే, కానీ నైట్రేట్ ఎంతో కొంత కనబడాలి. అది కూడా సున్నా అంటే, ఈ 25 రోజులూ మీ పంపులు ఉత్త ఉప్పునీళ్ళను తిప్పాయి, అంతే. ఇంకో 25 రోజులు తిప్పినా ఇదే లెక్క వస్తుంది.

ఎందుకంటే సైకిల్ రోజులతో నడవదు, తిండితో నడుస్తుంది. చేప మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీళ్ళలో తేలుతూ ఉండేవి కావు. రాళ్ళ రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, ఫిల్టర్ స్పాంజిలో పల్చటి పొరలా అంటుకుని ఉంటాయి. పెరుగు తోడుకోవాలంటే తోడుతోబాటు పాలు కూడా కావాలి కదా, ఇక్కడ పాలు అమ్మోనియా. అది లేకుండా బ్యాక్టీరియా సీసాలు ఎన్ని పోసినా దండగే. పైగా ఇవి చాలా నిదానంగా పెరిగే జాతులు. పాలను విరగ్గొట్టే మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపైతే, వీటికి పన్నెండు గంటల నుంచి ఒక రోజు పైన పడుతుంది. అందుకే ఈ వ్యవహారంలో వారాలు పోతాయి. అన్నట్టు, అమ్మోనియాను తినేవాటిలో బ్యాక్టీరియానే కాదు, ఆర్కియా అనే వేరే కోవ జీవులూ ఉన్నాయి. అలా అమ్మోనియా మీద బతికే ఆర్కియాను మొదటిసారి వేరుచేసి పెంచింది 2005లో, అదీ సముద్రం నుంచి కాదు, అమెరికాలో సియాటిల్ అక్వేరియంలోని ఒక ట్యాంకు నుంచే.

"మంచినీళ్ళ ట్యాంకులో వారానికే గప్పీలు వేశాను, ఏమీ కాలేదే" అని చాలామంది అడుగుతారు. తేడా పీహెచ్‌లో ఉంది. టెస్ట్ కిట్ చూపేది మొత్తం అమ్మోనియా, అంటే విడి అమ్మోనియా, అమ్మోనియం రెండూ కలిపి. అందులో విషం చాలావరకు విడి అమ్మోనియాదే. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్న మంచినీళ్ళలో అది మొత్తంలో అర శాతం. పీహెచ్ 8.2 ఉన్న ఉప్పునీళ్ళలో 6–7 శాతం. అంటే కిట్ రెండుచోట్లా ఒకే రంగు చూపినా ఉప్పునీటి చేపకి తగిలే దెబ్బ పదింతలకు పైనే. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. డామ్సెల్ చేపలు వేసి సైకిల్ చేయమనే పాత సలహా ఇందుకే పనికిరాదు. అవి మొండివి కాబట్టి బతికినా మొప్పలు కాలతాయి. ఆ తర్వాత ట్యాంకంతా తమదేనన్నట్టు కొత్త చేపల్ని తరుముతాయి, రాళ్ళన్నీ తీస్తే తప్ప వాటిని పట్టలేం.

అమ్మోనియా పోసేముందు నాలుగు విషయాలు సరిచూసుకోండి. తప్పు ఇక్కడుంటే తర్వాత ఎంత చేసినా ఫలితం రాదు.

మొదటిది నీళ్ళు. ఇంట్లో తాగే ఆర్ఓ నీళ్ళు వాడానన్నారు. వాటిలో చాలా మిషన్లకి రుచి కోసం టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, కొంత ముడి నీళ్ళను తిరిగి కలుపుతుంది. చెన్నై బోరునీళ్ళో, ట్యాంకర్ నీళ్ళో అయితే అక్కడే కథ చెడుతుంది. ఆ స్క్రూ పూర్తిగా మూసి, మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటే తీసేసి, చివర ఒక డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన లవణాలను కూడా పట్టేసేది) తగిలించి టీడీఎస్ 0 చూడండి. 20 లీటర్ల క్యాన్ నీళ్ళు ఒక్కో లోడుకి ఒక్కోలా ఉంటాయి, మీటర్ పెట్టకుండా పోయకండి.

రెండోది ఉప్పు. రాళ్ళు, ఇసుక పోగా మీ ట్యాంకులో నికరంగా 160 లీటర్లు పడతాయి. లీటరుకి సుమారు 38 గ్రాముల చొప్పున సాల్ట్ మిక్స్ 6 కిలోల చిల్లర అవుతుంది. కావలసింది 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళ ఉప్పు), అంటే 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత 1.026. ఎప్పుడూ నీళ్ళలో ఉప్పు వేయాలి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం తెల్లటి పొడిగా విరిగి అడుగుకి చేరుతుంది, మళ్ళీ కరగదు. వంటింటి కల్లుప్పుతో ఈ పని కాదు, అందులో ఉన్నది సోడియం క్లోరైడే. అయితే ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను సరిచేసుకోవడానికి అదే సోడియం క్లోరైడ్ పనికొస్తుంది. అయోడిన్ కలపని శుద్ధమైన ఉప్పు 36.5 గ్రాములు, డీఐ నీళ్ళు 963.5 గ్రాములు తూచి కలిపితే ఆ ద్రావణం 35 పీపీటీ చూపించాలి. చూపకపోతే స్క్రూ తిప్పి అక్కడికి తెచ్చుకోండి. ఉత్త నీళ్ళతో సున్నా దగ్గర సరిచేసిన పరికరం 35 దగ్గర రెండు మూడు పీపీటీ తప్పడం మామూలే.

మూడోది ఇసుక. మీది ఆరాగొనైట్ (కాల్షియం కార్బొనేట్ ఇసుక) అయితే 3 సెం.మీ. మందానికి 16–18 కిలోలు చాలు. బీచ్ ఇసుక వేశానని మీరు చెప్పలేదు గానీ, వేసి ఉంటే తీసేయండి. మన తీరం ఇసుక ప్రధానంగా సిలికా, అది పీహెచ్‌ను నిలబెట్టదు. ఒక అయస్కాంతాన్ని కవర్లో చుట్టి ఆ ఇసుకలో తిప్పి చూడండి, నల్లటి పొడి మీసాల్లా అంటుకుని వస్తుంది. అదే పొడి వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళను కదిలించే పంపు) మోటారు అయస్కాంతానికి చేరితే షాఫ్ట్ అరిగిపోతుంది.

నాలుగోది రాయి. డ్రై రాక్ (జీవాలు లేని ఎండు రాయి) గానీ, సిరామిక్ గానీ 12–15 కిలోలు సరిపోతుంది. "అసలు లైవ్ రాక్ ఇప్పిస్తాను, రామేశ్వరం వైపు నుంచి వస్తుంది" అనేవాళ్ళు ఎదురైతే దూరంగా ఉండండి. లైవ్ రాక్ అంటే సముద్రంలోంచి జీవాలతో సహా తీసిన పగడపు రాయి. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. చచ్చిన పగడం ముక్క ఇంట్లో దొరికినా కేసే.

సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు కొనడమెందుకని కూడా అడిగారు. మెరీనాకి ఉత్తరపు కొసన కూవం, దక్షిణాన అడయారు కలుస్తాయి. ఒడ్డున ముంచిన బకెట్లో ఏముందో చెప్పలేం. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, వాన నీళ్ళు కలిసి తీరం దగ్గర ఉప్పుదనం కూడా పడిపోతుంది. పడవ వేసుకుని లోపలికి వెళ్ళి తెచ్చే ఏర్పాటుంటే వేరే మాట. లేదంటే సాల్ట్ మిక్స్ ఖర్చే చవక.

ఇక అసలు పని. అమ్మోనియం క్లోరైడ్ కొనండి. ఇది మనవాళ్ళ నవాసారమే, కళాయి పోసేవాళ్ళు గిన్నె వేడెక్కాక చల్లే తెల్లటి పొడి. కానీ పచారీ కొట్లో దొరికే నవాసారంలో ఏ లోహాలు కలిశాయో తెలియదు, అది వద్దు. ప్యారిస్ కార్నర్ వైపు లేబొరేటరీ కెమికల్స్ అమ్మే చోట్ల ఏఆర్ గ్రేడ్ (ల్యాబ్ పరీక్షలకు వాడే శుద్ధమైన రకం) అని అడిగితే దొరుకుతుంది. అతి చిన్న సీసా కొన్నా మీకు జీవితకాలం వస్తుంది. 10 గ్రాములు తూచి 500 మి.లీ. ఆర్ఓ నీళ్ళలో కరిగించి, సీసా మీద పేరు రాసి, పిల్లలకి అందకుండా పెట్టండి. ఈ ద్రావణం 50 మి.లీ.లో 1 గ్రాము ఉంటుంది. 160 లీటర్ల ట్యాంకులో అది అమ్మోనియాను దాదాపు 2 పీపీఎం (లీటరుకి 2 మి.గ్రా.) పెంచుతుంది.

మొదటి రోజు ఆ 50 మి.లీ. పోసి, గంట తర్వాత టెస్ట్ చేయండి. ఈ మొదటి టెస్ట్ ట్యాంకు కోసం కాదు, కిట్ కోసం. 2 దగ్గర రంగు రాకపోతే మీ కిట్ గడువు తీరింది, లేదా లెక్క తప్పింది. ఇన్నాళ్ళూ మీరు చూసిన సున్నాలు కూడా ఆ చచ్చిన కిట్ చలవే కావచ్చు. రంగును కిటికీ దగ్గర పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద పసుపుకీ లేత ఆకుపచ్చకీ తేడా తెలియదు, అక్కడే 0 కాస్తా 0.25 అయి జనాన్ని హడలగొడుతుంది. ఏపీఐ బ్రాండు కిట్ అయితే నైట్రేట్ రెండో సీసాను అర నిమిషం గట్టిగా కుదపాలి, చుక్కలు వేశాక గొట్టాన్ని మరో నిమిషం కుదపాలి. ఆ సీసాలో మందు అడుగున పేరుకుంటుంది. కుదపకపోతే నైట్రేట్ ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది, ఒక్కోసారి సున్నాయే.

అమ్మోనియా పోసిన రోజే బ్యాక్టీరియా సీసా కూడా పోయండి. ఉప్పునీటికి తయారుచేసిన నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా అని రాసి ఉండాలి. ఫ్రిట్జ్ టర్బోస్టార్ట్‌లో 900 ఉప్పునీటిది, 700 మంచినీటిది. 900 సీసాను ఫ్రిజ్‌లో ఉంచి అమ్మాలి. మే నెలలో గోడౌన్లో, కొరియర్ వ్యాన్లో నాలుగు రోజులు ఉడికిన సీసాలో బురద వాసన తప్ప ఏమీ మిగలదు. చల్లగా ఉంచిన కొట్టు దొరక్కపోతే, సీసా లేకుండానే నడిపించండి, ఆలస్యమవుతుంది గానీ అవుతుంది. పోశాక రెండు రోజులు స్కిమ్మర్ (నురగతో మురికి లాగేది), యూవీ దీపం ఆపండి. లైట్లు సైకిల్ అయ్యేదాకా అక్కర్లేదు. వెలుగిస్తే నాచుకి తిండి పెట్టినట్టే.

రొయ్య వేసి కుళ్ళబెట్టే పద్ధతీ పనిచేస్తుంది. కానీ అది ఎంత అమ్మోనియా వదులుతుందో మన చేతిలో ఉండదు, ఫాస్ఫేట్ కూడా దండిగా దింపుతుంది. మూడో రోజుకి ఫ్లాటంతా కాసిమేడు చేపల రేవు వాసన. నేను వద్దనే చెబుతాను.

తర్వాత రెండు రోజులకోసారి టెస్ట్. బ్యాక్టీరియా సీసా మంచిదైతే మూడు నుంచి అయిదో రోజుకి అమ్మోనియా దిగడం, నైట్రైట్ తల ఎత్తడం కనిపిస్తుంది. అమ్మోనియా 0.5 కిందికి రాగానే రెండో 50 మి.లీ. పోయండి. పదో రోజు ప్రాంతంలో అమ్మోనియా ఒక్క రోజులో మాయమవుతుంటుంది, నైట్రైట్ మాత్రం చార్ట్ చివరి ఊదారంగులో నిలిచిపోతుంది. అందరూ కంగారుపడేది ఇక్కడే. నైట్రైట్ తినేవి ఆలస్యంగా మొదలవుతాయి, ఇంకా నిదానంగా పెరుగుతాయి. నైట్రైట్ 5 దాటితే కొత్త మోతాదు ఆపి ఊరుకోండి. వారం పదిరోజులు కదలకుండా కూర్చుని, ఒకరోజు ఉన్నట్టుండి పడిపోతుంది. సీసాతో మొత్తం రెండు మూడు వారాలు, సీసా లేకుండా అయిదారు వారాలు అనుకోండి. నైట్రైట్ ఎక్కువున్నప్పుడు నైట్రేట్ టెస్ట్‌ను పట్టించుకోవద్దు. చాలా కిట్లు నైట్రైట్‌ను కూడా నైట్రేట్ లెక్కలో కలిపి 100 అనో 160 అనో చూపిస్తాయి. ఆ అంకె చూసి నీళ్ళు మార్చేవాళ్ళు సగం తయారైన సైకిల్‌ను వెనక్కి నెడుతున్నారు.

అమ్మోనియా పదిరోజులైనా కదలకపోతే కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి. మోతాదు తప్పి 5 పీపీఎం దాటిపోయి ఉండొచ్చు. అప్పుడు సగానికి పైన నీళ్ళు మార్చి 2కి దింపండి. రెండోది ఫాస్ఫేట్ బొత్తిగా లేకపోవడం. కొత్త రాయి, డీఐ నీళ్ళు, శుభ్రమైన ఉప్పు, మేత లేదు, దాంతో బ్యాక్టీరియా కట్టుకోవడానికి భాస్వరం ఉండదు. చిటికెడు చేప మేత వేస్తే రెండు మూడు రోజుల్లో కదలిక వస్తుంది. పుస్తకంలా శుభ్రంగా చేసేవాళ్ళకే ఈ ఇబ్బంది, విచిత్రం. మూడోది ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలబెట్టే శక్తి, డీకేహెచ్‌లో కొలుస్తారు) తగ్గిపోవడం. 2 పీపీఎం మోతాదు ఒక్కోటి పూర్తిగా నైట్రేట్ అయ్యేసరికి సుమారు 0.65 డీకేహెచ్ తినేస్తుంది. నాలుగు మోతాదులకు 8 ఉన్నది అయిదున్నర దాకా వస్తుంది. 7 కంటే తగ్గితే వంట సోడా వేయండి. 160 లీటర్లకు 5 గ్రాములు 1 డీకేహెచ్ పెంచుతుంది. లీటరు నీళ్ళలో కరిగించి, పంపు వేగంగా తిరిగే చోట నెమ్మదిగా పోయాలి. వంట సోడా అన్నాను, బేకింగ్ పౌడర్ కాదు.

ట్యాంకు నీళ్ళు 31 డిగ్రీలు ఉంటున్నాయన్నారు. సైకిల్‌కి అది అడ్డం కాదు, అసలు చిక్కు ఆక్సిజన్. 25 డిగ్రీల సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 6.7 మి.గ్రా. ఆక్సిజన్ పడుతుంది, 32 డిగ్రీలకి అది 6కి దిగుతుంది. బ్యాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్ చేయడానికి నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ తింటుంది. కాబట్టి గంటకు 2,500–3,000 లీటర్లు తిప్పే వేవ్‌మేకర్ ఒకటి పెట్టి, దాని మూతి కొంచెం పైకి తిప్పండి. నీటి పైభాగం అద్దంలా నిశ్చలంగా ఉండకూడదు, ముడతలు పడుతుండాలి. ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళు మెయింటెనెన్స్‌కని పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా కరెంటు తీసే రోజుకి బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచుకోండి. క్యానిస్టర్ ఫిల్టర్ ఉంటే ఆ అయిదు గంటలు మూసిన డబ్బాలో నీళ్ళు కుళ్ళుతాయి. కరెంటు వచ్చాక, ఆన్ చేసేముందు దాంట్లో నీళ్ళు పారబోసి మొదలుపెట్టండి.

ఫ్యాన్ పెట్టి చల్లబరచడం బెంగళూరులో సరిపోతుంది. ఇక్కడి సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాన్‌తో రెండు మూడు డిగ్రీలు దిగితే గొప్ప. చేపలు వేసేనాటికి 26–28కి రావాలి, అంటే నీళ్ళను చల్లబరిచే చిల్లర్ మిషన్ తప్పదు. ఈ ట్యాంకుకి 1/10 హెచ్‌పీ కనీసం, మీది పై అంతస్తు అయితే 1/4 తీసుకోండి. దాన్ని స్టాండ్ లోపల పెట్టి తలుపు మూస్తే తాను వదిలిన వేడిని తానే తాగుతూ తిరుగుతుంది, కరెంటు బిల్లు మాత్రం వస్తుంది. ఫ్యాన్ ఉన్నంతకాలం ఇంకో సంగతి: ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 3 లీటర్లు తగ్గితే 35 పీపీటీ 35.7 అవుతుంది. రోజూ గీత దాకా ఉప్పు కలపని డీఐ నీళ్ళే పోయాలి.

సైకిల్ అయిందని తేల్చేది ఒకే పరీక్ష. పూర్తి 50 మి.లీ. మోతాదు పోసి, సరిగ్గా 24 గంటలకు టెస్ట్ చేస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా లేదా ఆ చుట్టుపక్కల ఉండాలి. వెంటనే మళ్ళీ పోసి మర్నాడు ఇంకోసారి. రెండుసార్లూ నెగ్గితే అయిపోయినట్టే. రెండోసారి నైట్రైట్ 0.5 దగ్గర ఉందని ఆగనక్కర్లేదు. సముద్రపు నీళ్ళలో లీటరుకి 19 గ్రాముల దాకా ఉండే క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు. అమ్మోనియా విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు.

ఒక్కో మోతాదు చివరికి 7 పీపీఎం పైన నైట్రేట్‌గా మిగులుతుంది. అయిదు మోతాదులు పోసి ఉంటే 35 పైనే. సగం నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళు ముందు రోజే కలిపి, అదే ఉప్పుదనానికి, అదే ఉష్ణోగ్రతకి తెచ్చి ఉంచుకోవాలి. బ్యాక్టీరియా రాళ్ళ మీద ఉంటుంది కాబట్టి నీళ్ళు మార్చితే పోదు, ఇసుకను మాత్రం కెలకొద్దు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో చేపలు వేయలేకపోతే, రెండు రోజులకోసారి 10 మి.లీ. పోస్తూ ఉండండి, లేకపోతే కట్టుకున్న దళం పస్తులుంటుంది. రాళ్ళ మీద గోధుమరంగు పొడిలాంటి పొర వస్తుంది. అవి డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు జీవులు, కొత్త ట్యాంకులో సిలికా ఉన్నంతకాలం ఉంటాయి, దానికి మందులు కొనకండి.

సైకిల్ జబ్బుల్ని ఆపదని కూడా గుర్తుంచుకోండి. తెల్లమచ్చలు, వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బులు చేపతోనే వస్తాయి. ఇవాళే ఒక స్పాంజి ఫిల్టర్ కొని సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) పడేయండి. సైకిల్ ముగిసేసరికి దానికీ బ్యాక్టీరియా పడుతుంది. 40 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, ఈ స్పాంజి, ఒక పీవీసీ గొట్టం ముక్క ఉంటే క్వారంటైన్ తయారు. చేపల్ని నాలుగు వారాలు అందులో ఉంచండి. రాగి మందు వాడవలసివస్తే ఆ డబ్బాలోనే, పెద్ద ట్యాంకులో చుక్క కూడా వద్దు. చేపలు డబ్బాలో ఉన్నన్నాళ్ళూ పెద్ద ట్యాంకుకి ఆ 10 మి.లీ. మానకండి.

క్లౌన్ చేపలు హేచరీలో పుట్టినవే అడగండి, మన దేశంలోనే పెంచుతున్నారు. సముద్రంలో పట్టినవాటికంటే మేతకి త్వరగా అలవాటవుతాయి. కొట్లో మీ కళ్ళ ముందే మేత తినిపించమనండి, తినని చేపని తెచ్చుకోకండి. పెద్ద ట్యాంకులోకి దించిన మొదటి వారం రోజుకి ఒకే పూట, రెండు నిమిషాల్లో తినేంత మేత. రోజూ అమ్మోనియా టెస్ట్, 0.25 కంటే ముదురు రంగు కనబడితే మేత ఆపి 30 లీటర్లు మార్చండి. ఆ 30 లీటర్లు ఉప్పు కలిపి మూతపెట్టి ముందే సిద్ధంగా ఉంచుకోండి, రాత్రి పదింటికి కలపడం మొదలుపెడితే తెల్లారిపోతుంది.